చూసింది చూసినట్టు

సెప్టెంబర్ 7, ఆదివారం

పిన్ని ఇవాళ మేడ మెట్లు తనే ఎక్కి నా గదికి వచ్చింది. పద్నాలుగు మెట్లు, రెయిలింగ్ ముట్టుకోకుండా. పైకి వచ్చిందంటే ఏదో అడగడానికే. కుర్చీలో పుస్తకాలున్నాయని నేను చెప్పేలోపే వాటి మీద కూర్చుంది.

"ఏమే పిట్టా, ఈత ఇంకా వచ్చా, మర్చిపోయావా?"

"వచ్చు."

"సైకిలు?"

"వచ్చు."

"పరుగు రాకపోయినా నేర్పుతాలే. పది వారాలుంది."

అప్పుడు అర్థమైంది. పిన్నికి గైడ్‌గా వెళ్ళే నర్సుకి బదిలీ అయింది. పోటీ నవంబర్ 16న. ఏడు వందల యాభై మీటర్ల ఈత, ఇరవై కిలోమీటర్ల సైకిలు, ఐదు కిలోమీటర్ల పరుగు, ఒకదాని వెంట ఒకటి. అన్నీ కలిపి రెండు గంటల్లో అయిపోవాలి. పోయినేడు పిన్నికి రెండు గంటల పద్నాలుగు నిమిషాలు పట్టింది. జాబితాలో ఆమె పేరుకెదురుగా అంకె లేదు, చిన్న గీత ఉంది. బాబాయి చదివి చెప్పాడు.

"ఆ నర్సు మంచిదే పాపం. దారి పొడుగునా 'చాలా టైముంది మేడమ్' అంటూనే ఉంది. నా మనసు కష్టపెట్టకూడదని. టైముందంటే నేనెందుకు పరిగెత్తుతాను?"

నేను రానని చెప్పాల్సింది. గైడ్ పని నోటితో చేసే పని. దిగాల్సిన స్టాపు దాటిపోతే బస్సు ఆపమని అడగలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వచ్చే మనిషిని నేను.

"సరే" అన్నాను.

కింద బాబాయి అప్పటికే నవ్వుతున్నాడు. "కళ్ళు లేనావిడకి నోరు లేనావిడ గైడు! మీరిద్దరూ రోడ్డెక్కితే ఊరంతా ఇంట్లో కూర్చోవాలి."

సెప్టెంబర్ 9

కొలను దగ్గర పరీక్ష పెట్టింది. ఇద్దరి తొడలకీ ఒకే సాగే తాడు. నేను తన ఎడమ పక్కన, ఆమె వైపే తల తిప్పి ఊపిరి తీసుకోవాలి. భుజం మీద ఒకసారి తడితే ఎడమ, రెండుసార్లు తడితే కుడి.

కాన్వెంట్‌లో ఈత నేర్పిన సిస్టర్, నీళ్ళలో మాట్లాడితే నీళ్ళు తాగుతారు అనేది. ఈత నాకు నచ్చడానికి అదొక్కటే కారణం.

ఒడ్డెక్కాక పిన్ని, "నర్సు నన్ను లాక్కెళ్ళేది. నువ్వు పక్కనున్నట్టే లేదు. బాగుంది" అంది.

ఇంత పొగడ్త నేను ఎప్పుడూ వినలేదు. పక్కనున్నట్టే లేదట.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇద్దరు తొక్కే పొడుగు సైకిలు. బాబాయి దాన్ని రైలంటాడు. ముందు నేను, వెనక పిన్ని. హ్యాండిలూ బ్రేకులూ గేర్లూ అన్నీ నా చేతిలో. వెనక మనిషికి కాళ్ళు తప్ప ఏమీ లేవు. పెడళ్ళు రెండు జతలూ ఒకే గొలుసుకి తిరుగుతాయి కాబట్టి నేను ఆగితే ఆమె ఆగాలి.

చెప్పకుండా బ్రేకు వేశాను. ఆమె ముక్కు నా వీపుకి తగిలింది.

"బ్రేకు వేసేముందు 'బ్రేకు' అను తల్లీ. అంత పెద్ద రహస్యమేం కాదది."

సెప్టెంబర్ 17

బ్రేకు అన్నాను. మూడుసార్లు. రెండోసారి వినపడిందట.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఈత నుంచి సైకిలుకి, సైకిలు నుంచి పరుగుకి మారే చోట వస్తువులన్నీ ఒక తువ్వాలు మీద పరిచి ఉంచాలి. పిన్ని తన బూట్లు, హెల్మెట్, టోపీ పెట్టుకుని నీళ్ళ వైపు వెళ్ళింది. బూట్లు వంకరగా ఉన్నాయని నేను సర్దాను. ఆమె తిరిగొచ్చి, చెయ్యి పెట్టిన చోట బూటు లేక, తువ్వాలంతా తడుముకుంది.

"ఎవరు ముట్టుకున్నారు?"

నేనేనని చెప్పాను. తిట్టలేదు. "వంకరగా పెట్టింది నేనే. ఆ వంకర నాకు గుర్తు" అంది.

పన్నెండేళ్ళు ఆడపిల్లల బళ్ళో పీటీ టీచరుగా చేసింది. ఆరేళ్ళపాటు చూపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు వెలుతురూ నీడా మాత్రమే తెలుస్తాయి. ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం. రోజంతా ఊళ్ళోవాళ్ళ గొంతులు ఆమె చెవిలోంచే వెళ్తాయి. ఒక గొంతు ఒకసారి వింటే మర్చిపోదు. వస్తువైనా అంతే.

సెప్టెంబర్ 28, ఆదివారం

పరుగులో ఇద్దరి చేతుల్లోనూ ఒక పొట్టి తాడు. గైడ్ లాగకూడదు, తోయకూడదు, ముందు పరిగెత్తకూడదు. ముగింపు గీత దాటేటప్పుడు పక్కన ఉండాలి, లేకపోతే వెనక.

"మరి నేనేం చెయ్యాలి?"

"చెప్పాలి. అంతే."

ప్రెస్‌లో నాది ప్రూఫులు చూసే పని. అక్కడి పెద్దాయన రాతప్రతిని కామాలతో సహా పైకి చదువుతారు, నేను అచ్చు చూస్తూ తప్పులకి గుర్తు పెడతాను. నాలుగేళ్ళలో ఆ గదిలో నేను గట్టిగా మాట్లాడిన రోజు లేదు. చదివేది ఆయన కదా.

అక్టోబర్ 5, ఆదివారం

పిన్ని పడింది. పరుగులో, నాలుగో కిలోమీటరు దగ్గర. ఎడమ మణికట్టు వాచింది. మోకాలు చెక్కుకుపోయింది.

రోడ్డు బాగోలేదు.

అక్టోబర్ 6

ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. రోడ్డు నిజంగా బాగోలేదు. బాబాయితో అదే చెప్పాను. "నీకేం తగల్లేదు కదా?" అని ఆయన రెండుసార్లు నన్నే అడిగాడు.

అక్టోబర్ 9

"రోడ్డుని ఎందుకంటావు? పక్కన నువ్వున్నావు. గుంట ఉంటే చెప్పేదానివి కదా. నా కాలే లేవలేదు" అంది పిన్ని.

రోడ్డు బాగోలేదని ఇంకోసారి అన్నాను.

అక్టోబర్ 12, ఆదివారం

పరుగు లేదు. సైకిలు లేదు. పిన్ని ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తోంది. వంటింటి నుంచి హాల్లోకి, హాల్లోంచి గదిలోకి. చూపు పోయిన కొత్తలో కూడా పట్టుకోలేదని బాబాయి అన్నాడు.

అక్టోబర్ 16

ప్రెస్‌కి వెళ్తూ ఆ చోట ఆగాను. రోడ్డు బాగానే ఉంది. ఒక్క రాతిపలక మాత్రం లేచి ఉంది, అరచేయి ఎత్తున.

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

ఆ పలకని నేను చూశాను. పది అడుగుల ముందే చూశాను. సరిగ్గా అప్పుడే ఎదురుగా టీ కొట్టు ముందు పెద్దాయన, మా ప్రెస్ వాళ్ళు ఇంకో ఇద్దరు నిలబడి నా వైపు చూస్తున్నారు. నేను నిక్కర్లో ఉన్నాను, మొహమంతా చెమట. నోరు తెరిచాను. మెట్టు అంటే చాలు, రెండక్షరాలు. అంత గట్టిగా అరిస్తే ముగ్గురూ వింటారు. వాళ్ళు తల తిప్పుకున్నాక చెబుదామనుకున్నాను.

పలక ఆగలేదు.

మర్నాడు పెద్దాయన "పిన్నిగారికి ఎలా ఉందమ్మా?" అని అడిగారు. బాగుందన్నాను. ఆ ఒక్క మాటా ఆయన రెండోసారి అడిగాకే ఆయనకి వినిపించింది.

అక్టోబర్ 17

బాబాయి పైకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. వాకిలి దగ్గరే నిలబడ్డాడు.

"నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటోందమ్మా. పోటీ నుంచి పేరు తీసేయమంటోంది. ఇరవయ్యో తారీఖు ఆఖరు రోజు. 'ముందు కళ్ళు పోయాయి, ఇప్పుడు కాళ్ళ వంతు' అంది. ఏడుస్తూ అంటే నేనే ఓదార్చేవాణ్ణి. టైమ్‌టేబులు చదివినట్టు చెప్పింది."

నేను ఆయనకి మంచినీళ్ళిచ్చాను. ఇంకేం ఇవ్వలేదు.

అక్టోబర్ 18

చెప్పాను.

పిన్ని మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడుస్తోంది. మేజోళ్ళు తడిమి జతలు కలుపుతోంది. నేను కింద నేల మీద కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను.

"ఏంటే, ఊపిరి అలా తీస్తున్నావు? జలుబు చేసిందా?"

"పలక నాకు కనిపించింది పిన్నీ."

"ఏ పలక?"

"నువ్వు పడ్డ చోట. రాయి లేచి ఉంది. కనిపించింది."

మేజోడు చేతిలోనే ఉంది. "చెప్పేలోపు దగ్గరికొచ్చేశామా?"

ఆమె నాకు దారిచ్చింది. అవునంటే అయిపోయేది.

"కాదు. టైముంది. చెప్పలేదు. మా ప్రెస్ వాళ్ళు చూస్తున్నారు. సిగ్గేసింది."

ఆమె మేజోడు పక్కన పెట్టింది. "ఎంతెత్తు?" అంది.

"అరచేయంత."

"అరచేయంతా! అరచేయంత ఎత్తు రాయైతే ఎవడైనా బోర్లా పడతాడే!" లేచి నిలబడింది. "ఏమండోయ్! ఇటు రండి! నా కాళ్ళకేం రోగం లేదు! రాయుందిట! ఇది చెప్పలేదంతే! నా కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి!"

బాబాయి సగం గడ్డానికి సబ్బుతో పరిగెత్తుకొచ్చాడు. అప్పటికే పిన్ని హాలు మధ్యలో నడుస్తోంది. గోడ వదిలేసింది. ఆ చివరి దాకా వెళ్ళి, అడుగు దబదబా వేస్తూ తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. నవ్వుతోంది. బాబాయికి ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు. నేనూ నవ్వాను. మొహం తడిసిపోయింది.

హాలు మధ్యలో ఆగింది.

"పదమూడు రోజులు" అంది.

బాబాయి గడ్డం మీది సబ్బు తుడుచుకున్నాడు.

"పదమూడు రోజులు గోడ పట్టుకుని నడిచాను. నువ్వు మెట్లెక్కుతూ దిగుతూ చూశావు."

"చూశాను."

"పైకి పో."

అక్టోబర్ 20

పేరు తీయించలేదు. పోటీ వాళ్ళు ఫోన్ చేసి గైడ్ పేరు ఖాయం చేయమన్నారట. "తర్వాత చెబుతాం" అందట పిన్ని. బాబాయి చెప్పాడు. ఇప్పుడు అన్నీ బాబాయే చెబుతున్నాడు.

అక్టోబర్ 21

ఊరందరితో ఫోన్లో మాట్లాడే మనిషి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకుండా ఉండటం నాకు బాగా తెలుసనుకున్నాను. తెలిసింది ఒక వైపేనని ఇప్పుడు తెలిసింది.

అక్టోబర్ 22

భోజనం పళ్ళెం బాబాయి చేత పైకి పంపింది. రెండు గుడ్లు. ఎప్పుడూ ఒకటే పెడుతుంది.

అక్టోబర్ 23

మెట్ల మీద అడుగులు. పద్నాలుగు. కుర్చీలోంచి పుస్తకాలు ముందే తీసేశాను. ఆమె మంచం మీద కూర్చుంది.

"హాస్పిటల్లో అమ్మాయినొకదాన్ని అడిగాను, గైడ్‌గా వస్తావా అని. వస్తానంది. మంచి గొంతు. గంట కొట్టినట్టుంటుంది."

"సరే" అన్నాను.

"ఏంటి సరే? ఈత రాదు దానికి. మునిగిపోతే ఇద్దరం కలిసి మునుగుతాం." నా వైపు తిరిగింది. "విను. నా కోసం మంచిగా చెప్పకు. భయపడి దాచకు. చూసింది చూసినట్టు చెప్పు. సిగ్గేస్తే అది కూడా చెప్పు. 'సిగ్గేస్తోంది, రాయుంది' అను. రెండూ కలిపి అను. నాకేం అభ్యంతరం లేదు."

"నన్ను క్షమించావా?"

"లేదు. దానికింకా టైము పడుతుంది. ముందు పరుగు సంగతి చూద్దాం."

అక్టోబర్ 26, ఆదివారం

అదే రోడ్డు. ఆమే అడిగింది, అదే రోడ్డు కావాలని.

"ఎడమ పక్క కాలవ. మూడడుగుల దూరం. ఎదురుగా ఒకాయన, కుక్క. లావుగా ఉంది."

"కుక్కా, ఆయనా?"

"ఇద్దరూ."

ఆయన విన్నాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. పిన్ని అడుగు తప్పేంత నవ్వింది.

"సిగ్గేస్తోంది, కుడివైపు గుంట. సిగ్గేస్తోంది, టీ కొట్టు. మా పెద్దాయనున్నారు. మెట్టు!"

మెట్టు దాటాం. ఆమె కాలు శుభ్రంగా లేచింది.

"ఏం చేస్తున్నారు మీ పెద్దాయన?"

"టీ గ్లాసు పైకెత్తారు."

"ఎందుకు?"

"పలకరింపు అనుకుంటా."

"తిరిగి పలకరించావా?"

"లేదు."

"అదొక్కటే మిగిలింది నీకు."

నవంబర్ 2, ఆదివారం

సైకిలు మీద ఇరవై కిలోమీటర్లూ మాట్లాడుతూనే ఉన్నాను. గేరు, బ్రేకు, ఎత్తు, పల్లం, లారీ, మేక, స్పీడు బ్రేకరు, ఎవరో ఆరేసుకున్న దుప్పటి. దుప్పటి రంగు అడిగింది. నీలం.

రంగులు నేను ఇన్నాళ్ళూ చెప్పనే లేదు. అడగలేదని చెప్పలేదు.

నవంబర్ 9, ఆదివారం

మొత్తం ఒకసారి చేసి చూశాం. రెండు గంటల ఆరు నిమిషాలు. బాబాయి వాచీ చూసి "రెండు గంటలకి అటూ ఇటూ" అన్నాడు. పిన్ని నా వైపు తిరిగింది. ఆరు నిమిషాలు ఎక్కువని చెప్పాను. బాబాయి నన్ను కోపంగా చూశాడు. ఆ చూపు సంగతి కూడా చెప్పేశాను.

నవంబర్ 13

మారే చోట చేసే పనులన్నీ నాలుగుసార్లు సాధన చేశాం. తువ్వాలు దగ్గర రెండు నిమిషాలు మిగిలాయి. నేను ఏదీ సర్దలేదు.

నవంబర్ 15

నంబర్లు ఇచ్చారు. ఇద్దరికీ ఒకే నంబరు.

రేపు నీళ్ళు చల్లగా ఉంటాయి. నీళ్ళంటే భయం లేదు. నేల మీద మనుషులుంటారు.

నవంబర్ 16, ఆదివారం

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. అయినా ఇవాళే రాయాలి.

చెరువులో పొగమంచు. గుంపుని ముందు వదిలి మమ్మల్ని వెనక ఒక పక్కగా దిగమన్నారు. నీళ్ళు గొంతు దాకా రాగానే నాకు ప్రాణం కుదుటపడింది. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. పిన్ని భుజం లేస్తోంది, పడుతోంది. నీళ్ళ మీద తేలే ఎర్ర బొంగరంలాంటి గుర్తు దగ్గర రెండుసార్లు తట్టాను, తిరిగాం. ఒడ్డుకి వచ్చేసరికి పద్దెనిమిది నిమిషాలు. మా ఇద్దరికీ ఎప్పుడూ పట్టనంత తక్కువ.

సైకిలు దగ్గర నా హెల్మెట్ బకిల్ పడలేదు. వేళ్ళు మొద్దుబారాయి. పిన్ని అప్పటికే సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. "ఏమైంది?" "బకిల్ పడట్లేదు." "చెప్పావు కదా, చాలు. మెల్లగా పెట్టు."

రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు అరుస్తూనే వెళ్ళాను. ఎదురుగాలి. ముందు కూర్చుని మాట్లాడితే మాటలు వెనక్కి కొట్టుకుపోతాయి. అవి ఆమెకే అందుతాయని ఇవాళ తెలిసింది. పదిహేనో కిలోమీటరు దగ్గర గొంతు గరగరలాడటం మొదలైంది.

పరుగు మొదలయ్యేసరికి ముప్పై మూడు నిమిషాలు మిగిలాయి. చెప్పాను. "సరిపోతాయా?" అంది. "సరిపోతాయో లేదో తెలీదు" అన్నాను. "అదీ!" అని వేగం పెంచింది.

రెండో కిలోమీటరు దగ్గర నీళ్ళిచ్చే ఆమె, "మెల్లగా వెళ్ళండమ్మా, బోలెడు టైముంది" అంది. పిన్ని నా వైపు తల తిప్పింది. "లేదు. ముప్పై సెకన్లు వెనకున్నాం" అన్నాను. ఆమె ఇచ్చిన నీళ్ళు పిన్ని తాగకుండా నెత్తిన పోసుకుంది.

ఆఖరి మలుపు తిరిగాం. గీత కనిపించింది. దాని పైన ఎర్ర అంకెల గడియారం.

"మూడు వందల మీటర్లు. ఒక నిమిషం యాభై సెకన్లు. రోడ్డు నున్నగా ఉంది. పరిగెత్తు."

పరిగెత్తింది. నలభై నాలుగేళ్ళ మనిషి, పీటీ టీచరు, బళ్ళో పిల్లలంతా చూస్తున్నట్టు పరిగెత్తింది. తాడు బిగుసుకుంది. నేను ఆమెని అందుకోవాల్సి వచ్చింది.

అప్పుడు చూశాను. గీతకి ఇవతల, సరిగ్గా మా దారికి అడ్డంగా, గెలిచినవాళ్ళకి ఫోటో తీస్తున్నారు. కోటు వేసుకున్న ముఖ్య అతిథి మధ్యలో, అటూ ఇటూ పదిహేను మంది. పోటీ అయిపోయిందనుకున్నారు. చుట్టూ రెండు మూడు వందల మంది ఫోటో వైపే చూస్తున్నారు.

"మనుషులు. దారికి అడ్డంగా. ఫోటో."

"అయితే?"

"సిగ్గేస్తోంది."

"నాకు పరుగొస్తోంది! అరిచి చెప్పు!"

అరిచాను. "తప్పుకోండి!" అన్నాను. ఎవరూ కదల్లేదు. "కోటు వేసుకున్నాయనా, మిమ్మల్నే! తప్పుకోండి! మా పిన్ని వస్తోంది!"

నా గొంతు నాకే తెలియలేదు. రెండు మూడు వందల తలలు ఇటు తిరిగాయి. కోటాయన ఒక కాలు ఎత్తి, ఏ వైపు పెట్టాలో తెలియక, మళ్ళీ అక్కడే దించాడు. ఎవరో ఆయన్ని చెయ్యి పట్టి లాగారు. సందు దొరికింది. "కొంచెం ఎడమ. ఇంకొంచెం. తిన్నగా!" నేను ఒకడుగు వెనక్కి తగ్గాను. ముందు ఆమె దాటింది.

చప్పట్లు. ఒక అమ్మాయి పిన్ని భుజాల మీద తువ్వాలు కప్పి, "కంగ్రాట్స్ మేడమ్, టైములోనే వచ్చేశారు!" అంది. బాబాయి పరిగెత్తుకొచ్చాడు. "అయిపోయిందే, సాధించేశావు" అంటూ ఏడుస్తున్నాడు. ఆయన గడియారం చూసే ఏడుస్తున్నాడు, నాకు తెలుసు.

పిన్ని ఇద్దర్నీ వదిలేసి, నేనున్న వైపు తిరిగింది. "పిట్టా. ఎంత?"

బాబాయి ఆమె వెనకనుంచి నాకు సైగ చేశాడు. రెండు చేతులూ జోడించాడు.

"రెండు గంటలా తొమ్మిది సెకన్లు."

ఆమె వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది. ఎంతసేపో. నీళ్ళు ముక్కు మీంచి కారుతున్నాయి.

"తొమ్మిదా?"

"తొమ్మిది."

"కోటాయన దగ్గర ఎన్ని పోయాయి?"

తొమ్మిదీ అక్కడే అనొచ్చు. బాబాయి అదే కోరుకుంటున్నాడు.

"నాలుగు" అన్నాను. "మిగతా అయిదూ నా బకిల్ దగ్గర. ఇంకా ఎక్కువే పోయుంటాయి."

ఆమె నడుము నిలబెట్టింది. మొహం కాసేపు ఏడుపులో ఉంది, తర్వాత నవ్వులోకి వచ్చింది. "అందరూ వచ్చేశావంటున్నారు. నువ్వు తొమ్మిదంటే తొమ్మిదే" అంది. తడి చేత్తో నా చెంప వెతుక్కుని, ఒకటి మెల్లగా వేసింది. "ఇది ఆ పదమూడు రోజులకి. చెల్లు."

సాధనలో ఎప్పుడూ నా మోచెయ్యి పట్టుకోలేదు. తాడు చాలనేది. ఇప్పుడు పట్టుకుంది, బరువంతా వేసి.

"పద, ఎక్కడైనా కూర్చోబెట్టు. దారిలో ఏముంటే అది చెప్పు."

చెప్పుకుంటూ నడిచాను. అరటి తొక్క. తడి గడ్డి. మనల్నే చూస్తున్న కోటాయన.

నవంబర్ 17

జాబితా వచ్చింది. పేరుకెదురుగా గీత. పిన్ని పొద్దున్నే ఆసుపత్రి ఫోన్లో ఎవరికో గట్టిగా చెబుతుంటే అక్కడ కింది అంతస్తు దాకా వినిపించిందట: "పోయినేడు పద్నాలుగు నిమిషాలండీ, ఇప్పుడు తొమ్మిది సెకన్లు. సెకన్లు!"

నా గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. ప్రెస్‌లో రోజంతా పెద్దాయన చదివారు, నేను గుర్తులు పెట్టాను. ఎవరికీ తెలియలేదనుకున్నాను.

ఐదింటికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆయన, "ఏమ్మా, ఇవాళ మరీ మాట్లాడటం లేదు?" అన్నారు.

మరీ, అన్నారు. అంటే ఈమధ్య మాట్లాడుతున్నానన్నమాట.